మమ్మల్ని కాదు, పిల్లనే అడగండి

మేము ఆశ్రమ పాఠశాల టీచర్లం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో పుట్టి, ఇవే బడుల్లో చదివి, టీచర్ ట్రైనింగ్ డిప్లొమా పూర్తి చేసుకుని మళ్ళీ ఇవే బడులకు వచ్చినవాళ్ళం. మాలో ఎక్కువమంది కోయవాళ్ళం, కొండరెడ్లూ ఉన్నారు. ట్రైనింగులో లెక్కలు ఎలా చెప్పాలో నేర్పారు. పిల్లల మనస్తత్వం మీద ఒక పేపరు కూడా ఉండేది. కానీ పదమూడేళ్ళ పిల్ల అర్ధరాత్రి కడుపు పట్టుకుని లేస్తే పక్కన కూర్చుని ఏం అడగాలో, ఏం అడగకూడదో ఆ పేపర్లో లేదు. అదంతా ఉద్యోగంలో చేరాక పిల్లల దగ్గరే నేర్చుకున్నాం.

ఆశ్రమ బడి అంటే పగలు బడి, రాత్రి ఇల్లు. జూన్‌లో వచ్చిన పిల్ల మళ్ళీ పండక్కి గానీ ఊరు చూడదు. ఈ మధ్యలో జ్వరమొచ్చినా, కాలు బెణికినా, ఇంకేదైనా అయినా ఆసుపత్రికి తీసుకెళ్ళేది మేమే. కాబట్టి డాక్టరు గదిలో పిల్ల పక్కన ఉండే రెండో కుర్చీలో అమ్మా నాన్నా ఉండరు, మేముంటాం. ఆ కుర్చీలో కూర్చుని ఇరవై ఏళ్ళుగా చూసింది, విన్నది ఇక్కడ చెప్పుకుంటున్నాం.

పది నుంచి పంతొమ్మిదేళ్ళ వయసును కౌమారం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. మా బడిలో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరూ ఈ లెక్కలోకే వస్తారు. ఈ పిల్లల జబ్బులు రెండు రకాలు. ఒకటి, చెప్పుకోగల జబ్బు. జ్వరం అలాంటిది. మా ఏజెన్సీలో మలేరియా తెలియని ఇల్లు లేదు కాబట్టి జ్వరం వస్తే ఎవరికీ సిగ్గు లేదు. పిల్ల తనే వచ్చి, "టీచర్, ఒళ్ళు కాలతంది" అని చెయ్యి చాపుతుంది. రెండోది, చెప్పుకోలేని జబ్బు. ముట్టు రెండు నెలలుగా రాలేదు, లేదా వచ్చింది ఆగడం లేదు. గజ్జల్లో దురద. రాత్రి పక్క తడవడం. ఎవరో ముట్టుకోకూడని చోట ముట్టుకోవడం. ఊరికే ఏడుపు రావడం, బతకబుద్ధి కాకపోవడం. వీటికి పిల్లలు పెట్టుకునే పేరు ఒకటే, "తలనొప్పి". తలనొప్పి అని నెలకు మూడుసార్లు వచ్చే పిల్ల దగ్గర మాత్ర ఇచ్చి పంపేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. కాసేపు కూర్చోబెట్టుకుంటే ఒక్కోసారి తెరుచుకుంటుంది.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెప్తాం. తొమ్మిదో తరగతి పిల్లను తీసుకుని వెళ్ళాం. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు పాలిపోయి ఉన్నాయి. బల్ల దగ్గర జనం వరసగా నిలబడి ఉన్నారు. రాసుకునే ఆమె తల ఎత్తకుండానే, "ఏంటి ప్రాబ్లం?" అంది. ఆ ప్రశ్న పిల్లకు కాదు, మాకు. "నీరసంగా ఉంటోందండి" అన్నాం. "నెలనెలా వస్తోందా? ఎన్ని రోజులు?" అదీ మాకే, వరసలో ఉన్న పదిమందికీ వినిపించేలా. వాళ్ళలో ఆ పిల్ల ఊరివాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకతను వరసకు బావ. పిల్ల నేలవైపు చూస్తూ, "ఏం లేదు టీచర్, బాగానే ఉంది" అంది. చీటీ మీద ఐరన్ మాత్రలు రాసి ఇచ్చారు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. నిజానికి ఆ పిల్లకు పన్నెండు రోజులుగా రక్తం పోతోంది. ఆ సంగతి రాత్రి హాస్టల్లో తన స్నేహితురాలికి చెప్పింది, స్నేహితురాలు మాకు చెప్పింది.

మర్నాడు వేరే ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఉన్న నర్సమ్మ మొదట పిల్లను కూర్చోమంది. "నీ పేరేంటి చెల్లీ? పొద్దున్న ఏం తిన్నావ్?" అని మొదలుపెట్టింది. పిల్ల మావైపు చూసింది. నర్సమ్మ నవ్వి, "టీచర్ గారిని కాదు, నిన్నే అడుగుతున్నా" అంది. బడిలో ఏ ఆట ఆడతావు, ఇంట్లో ఎంతమంది, హాస్టల్లో పక్కన ఎవరు పడుకుంటారు, ఇలా మాట కలుపుతూ పోయింది. తర్వాత మాతో, "మేడం, ఐదు నిమిషాలు బయట కూర్చుంటారా? కావాలంటే పిలుస్తాను" అంది. తలుపు పూర్తిగా వేయలేదు, ఓరగా ఉంచి తెర లాగింది. మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. ఐదు నిమిషాలు ఇరవై నిమిషాలైంది. పిల్ల బయటికి వచ్చేసరికి ఏడ్చిన ముఖమే కానీ తేలికపడ్డ ముఖం. పెద్దాసుపత్రికి చీటీ రాశారు, అక్కడ రక్తం ఎక్కించారు. ఇప్పుడా పిల్ల ఇంటర్ చదువుతోంది.

రెండు చోట్లా మందులు ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. తేడా అంతా ఎవర్ని అడిగారు, ఎక్కడ అడిగారు అన్నదాంట్లో ఉంది.

ఇక్కడ మా ఆదివాసీ బడులకు ఉన్న చిక్కు ఒకటి చెప్పాలి. పట్నంలో అయితే పెద్దవాళ్ళను బయట కూర్చోమంటే సరిపోతుంది. మా దగ్గర పిల్లకు భాష కావాలి. కోయ ఇళ్ళలో పెరిగిన పిల్లకు పాఠం చదివే తెలుగు వచ్చు, కానీ ఒంటి గురించి చెప్పుకునే తెలుగు రాదు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయ కుటుంబాల పిల్లలకు ఆ పాఠం తెలుగు కూడా అప్పుడప్పుడే వస్తోంది. నొప్పిలో నూరు రకాలుంటాయి. గుచ్చే నొప్పి, మెలిపెట్టే నొప్పి, మంట, పీకుడు. అవి అమ్మ దగ్గర నేర్చుకున్న మాటల్లోనే వస్తాయి. అందుకని మేము లోపల ఉండాలి. కానీ మేము లోపల ఉంటే పిల్ల మాట్లాడదు. ఎందుకంటే రాత్రి హాజరు తీసుకునేది మేమే, వాళ్ళ నాన్నకు ఫోన్ చేసేది మేమే. పైగా గట్టు లెక్కన చూస్తే ఆ పిల్లకు మేము పెద్దమ్మో, అత్తో అవుతాం. మాకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే అని పిల్ల భయం. ఆ భయంలో తప్పేం లేదు.

ఈ చిక్కుకు మేము నలుగురైదుగురు టీచర్లం కూర్చుని కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాం.

మొదటిది, పిల్లను ముందే అడుగుతాం, "నీతో ఎవరు రావాలి?" అని. క్లాసు టీచరే రావాలని లేదు. వంటమనిషి అక్క కావచ్చు, ఆశా అక్క కావచ్చు, పెద్ద తరగతి పిల్ల కావచ్చు. ఆడపిల్లతో ఆడమనిషి, మగపిల్లవాడితో మగమనిషి. రెండోది, మాట మార్చేవాళ్ళు పక్కకు కూర్చుంటారు, నర్సుకూ పిల్లకూ మధ్యలో కాదు. నర్సు పిల్ల ముఖం చూసి అడగాలి, పిల్ల నర్సు ముఖం చూసి చెప్పాలి. మూడోది, పిల్ల ఎంత చెప్తే అంతే చెప్పాలి. "ఈ పిల్ల సరిగా తినదండి, మాట వినదండి" అని మా మాట కలపకూడదు. పిల్ల నాలుగు మాటలు చెప్తే మేము ఒక మాటకు కుదించకూడదు. నాలుగోది, భాష అవసరం లేనంతవరకు లోపల ఉండం. పరీక్ష చేసేటప్పుడు తెర ఇవతల ఉంటాం, పిల్ల ఉండమంటే ఉంటాం. ఐదోది, ఆ గదిలో విన్నది స్టాఫ్ రూంలోకి తీసుకురాం. టీ తాగుతూ పిల్లల జబ్బులు చెప్పుకునే అలవాటు ఏ బడిలో ఉన్నా ఆ బడి పిల్లలు తలనొప్పి తప్ప ఇంకో జబ్బు చెప్పరు.

ఆసుపత్రి వాళ్ళకు మా భాష రావాలని మేము అనడం లేదు. పది మాటలు వచ్చినా చాలు. రక్తానికి కోయలో, గోండిలో, కువిలో ఉన్న మాటలు మూడూ తెలుగు "నెత్తురు"కు చుట్టాలే. "నీ ఒంట్లో హిమోగ్లోబిన్ తక్కువుంది" అంటే పిల్ల తలూపుతుంది, అంతే. "నెత్తురు పల్చగా ఉంది, అందుకే మెట్లెక్కితే ఆయాసం" అంటే పిల్ల తల ఎత్తి చూస్తుంది.

నెత్తురు సంగతి వచ్చింది కాబట్టి మాత్రల సంగతి కూడా చెప్పాలి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. మగపిల్లల్లోనూ నూటికి 31 మంది. అందుకే బడుల్లో వారానికొక నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తున్నారు. మా బడి కిటికీ కింద ఒకప్పుడు వర్షం పడితే మట్టి నీలంగా కనిపించేది. పిల్లలు మాత్ర నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగినట్టు చేసి, కిటికీలోంచి ఊసేవాళ్ళు. కోప్పడితే మాత్ర కిటికీ బదులు దొడ్డివైపు పడుతుంది. అందుకని ఎందుకు ఊస్తున్నారో అడిగాం. ఒక పిల్ల చెప్పింది, "అది వేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తంది టీచర్. లోపల ఏదో కుళ్ళిపోతందని భయం." ఇంకొకరికి కడుపులో తిప్పుతుంది. ఇంకొకరికి, ఇది పిల్లలు పుట్టకుండా చేసే మాత్ర అని ఊళ్ళో ఎవరో చెప్పారు.

ఏఎన్‌ఎం వచ్చినప్పుడు ఈ మూడు భయాలూ ఆమె ముందు పెట్టాం. ఆమె పిల్లల మధ్య నేల మీద కూర్చుని చెప్పింది. ఐరన్ అంటే ఇనుమే, ఒంటికి పట్టగా మిగిలింది బయటికి పోతుంది, అందుకే నలుపు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పదు, టీతో వేసుకోకూడదు. చివరగా తనూ ఒక మాత్ర వేసుకుంది. ఆ నెల నుంచి కిటికీ కింద మాత్రలు తగ్గాయి. పది నిమిషాల మాట చేసిన పని అది. మాత్ర ఇచ్చేటప్పుడు ఏమవుతుందో ముందే చెప్తే పిల్లలు నమ్ముతారు. చెప్పకుండా ఇస్తే వాళ్ళే ఒక కథ అల్లుకుంటారు.

మగపిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. ఆడపిల్లలకు కనీసం నెలసరి పేరుతోనైనా ఒకామె వచ్చి కూర్చుంటుంది. పధ్నాలుగేళ్ళ పిల్లవాడికి గొంతు మారుతుంది, మొటిమలొస్తాయి, నిద్రలో బట్టలు తడుస్తాయి. తనకేదో రోగమొచ్చిందని అనుకుంటాడు. సంతలో మందులు అమ్మేవాడు చెప్పిన మాటలు నమ్ముతాడు. కొందరు గుట్కా మొదలుపెడతారు, ఇంటికెళ్ళినప్పుడు సారా రుచి చూస్తారు. వాళ్ళను ఎవరైనా అడిగేది ఒకే ప్రశ్న, "తాగుతున్నావురా?" అని. దానికి జవాబు "లేదు సార్" అనే వస్తుంది. కౌమార పిల్లలతో మాట్లాడడానికి డాక్టర్ల చదువులో ఒక వరస ఉంది, దాన్ని హెడ్స్ అంటారు. ముందు ఇల్లు, తర్వాత చదువు, స్నేహితులు, ఆటలు. ఆ తర్వాతే అలవాట్లు, ఒంటి సంగతులు, మనసులో బాధ. సులువైన ప్రశ్న ముందు, కష్టమైనది వెనక. "మీ స్నేహితుల్లో ఎవరైనా గుట్కా వేస్తారా?" అని అడిగి, ఆగి, "మరి నువ్వు?" అంటే పిల్లవాడు నిజం చెప్పే దారి దొరుకుతుంది. ఇది పెద్ద విద్యేమీ కాదు. మా ఊళ్ళలో పెళ్ళి సంబంధం అడగడానికి వెళ్ళినవాళ్ళు కూడా ముందు వానల గురించి, పంట గురించి మాట్లాడాకే వచ్చిన పని చెప్తారు.

సికిల్ సెల్ జబ్బు దగ్గర గుట్టు ఎంత అవసరమో బాగా తెలుస్తుంది. ఈ జబ్బు ఆదివాసుల్లో ఎక్కువ. నెత్తుటి కణాలు కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో అడ్డుపడతాయి. చలికి, ఒంట్లో నీరు తగ్గితే, జ్వరమొస్తే కీళ్ళు, ఎముకలు విరిగినంత నొప్పి. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు చలికాలం పొద్దున్నే ప్రార్థనకు రాలేకపోయేవాడు. బయటికి వాపు లేదు, గాయం లేదు. పనిదొంగ అని పేరు పడింది. పరీక్ష చేస్తే సికిల్ సెల్ అని తేలింది. ఆ పిల్లవాడు మొదట అడిగింది, "ఇది తగ్గుద్దా?" అని కాదు, "నేను దొంగని కాదని చెప్తారా?" అని.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును 2047 నాటికి లేకుండా చేయాలని ఒక మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపువాళ్ళకు పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మంచి పని. అయితే కార్డు ఇచ్చేటప్పుడు పేరు పిలిచి, ఫలితం కూడా గట్టిగా చదివితే ఏమవుతుందో మేము చూశాం. జబ్బు లేకుండా లక్షణం మోసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు మామూలుగానే బతుకుతారు, మందు అక్కర్లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ లక్షణం మోసేవాళ్ళయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్ళికి ముందు తెలుసుకోవాల్సిన సంగతే, కాదనం. కానీ పదిహేనేళ్ళ పిల్ల చేతిలో కార్డు పెట్టి, దాని అర్థం చెప్పకుండా పంపిస్తే ఊళ్ళో అర్థం వేరే పుడుతుంది. "ఆ పిల్లకు నెత్తురు చెడింది" అంటారు. సంబంధాలు తప్పిపోతాయి. అందుకని ఆ మాట పిల్లకు విడిగా, తన భాషలో, ప్రశ్నలు అడిగే వ్యవధి ఇచ్చి చెప్పాలి. ఆ తర్వాత అమ్మా నాన్నలకు పిల్ల ఎదుటే చెప్పాలి. ఊరికి చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం.

గుట్టు అన్నాం కదా అని అన్నీ దాచమని కాదు. ఇక్కడ పిల్లలకు అబద్ధపు మాట ఇవ్వకూడదు. "ఏం చెప్పినా ఎవరికీ చెప్పను" అనేది అలాంటి మాట. పిల్ల మీద ఎవరైనా లైంగికంగా దాడి చేసినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. టీచరైనా, నర్సైనా, ఎవరైనా సరే దాచిపెడితే నేరం. అదే చట్టం, ఆడపిల్లకు వైద్య పరీక్ష ఆడ డాక్టరే చేయాలని, అమ్మానాన్నలో, పిల్ల నమ్మిన మనిషో పక్కన ఉండాలని కూడా చెప్పింది. చచ్చిపోవాలని ఉందని పిల్ల అంటే అదీ మనలోనే ఉంచుకోలేం. కాబట్టి ఆ మంచి నర్సమ్మ మొదట్లోనే ఇలా చెప్తుంది: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటది. కానీ నీకు ఎవరైనా హాని చేస్తున్నా, నీకు నువ్వే హాని చేసుకోవాలనుకున్నా, నిన్ను కాపాడటానికి ఇంకొకరికి చెప్పాల్సొస్తది. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తా." ఇలా చెప్తే పిల్లలు వెనక్కి తగ్గుతారేమో అని మొదట అనిపిస్తుంది. మేము చూసినంతవరకు తగ్గరు. హద్దు ఎక్కడుందో తెలిసిన మనిషినే నమ్ముతారు. బడి గోడ మీద పిల్లల సహాయానికి 1098, మనసు బాధకు టెలి మానస్ 14416 నంబర్లు రాసి పెట్టాం. హాస్టల్ ఫోన్ అడిగితే "ఎవరికి?" అని అడగకుండా ఇవ్వాలని కూడా అనుకున్నాం.

2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పిల్లలకు విడిగా క్లినిక్‌లు ఉండాలని, సలహా చెప్పేవాళ్ళు ఉండాలని, పిల్లల్లోంచే కొందరికి శిక్షణ ఇచ్చి తోటివాళ్ళకు తోడుగా పెట్టాలని అందులో ఉంది. కాగితం మీద మాకు కావాల్సినవన్నీ ఉన్నాయి. మేము అడిగేది చిన్నవి. ఆ క్లినిక్ బడి వేళల్లో కాకుండా సాయంత్రమో, సెలవు రోజో తెరవండి. శబరి పొంగి దారులు తెగే నెలల్లో పిల్లలు రాలేరు కాబట్టి మీరే నెలకొకసారి హాస్టల్‌కు రండి. చీటీ రాసే బల్లకూ, వరసకూ మధ్య ఒక తెర కట్టండి, పాత దుప్పటైనా చాలు. గోడ మీది బొమ్మల్లో మా పిల్లల ముఖాలు ఉండనివ్వండి. మా పిల్లల్లో నర్సింగ్ చదివినవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్ళను మా వైపే వేయండి. వాళ్ళొస్తే మేము మాట మార్చే పని నుంచి సంతోషంగా తప్పుకుంటాం.

మా పెద్దవాళ్ళు పిల్లలను ఊరి కూటంలో కూర్చోనిచ్చేవాళ్ళు, మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. పిల్లలు వింటూ పెరగాలని అప్పటి పద్ధతి. ఒంటి విషయంలో ఆ పద్ధతి పనికిరాదు. నొప్పి ఎక్కడుందో ఆ ఒంట్లో ఉన్నవాళ్ళకే తెలుసు. డాక్టరు గారూ, నర్సమ్మా, మేము పిల్లను మీ గుమ్మం దాకా తీసుకొస్తాం. వానొచ్చినా, రాత్రయినా తీసుకొస్తాం. లోపలికి వచ్చాక మాత్రం మావైపు చూడకండి. పిల్లవైపు చూసి అడగండి. జవాబు వెంటనే రాకపోతే కాసేపు ఆగండి. మా పిల్లలు ఆలోచించి మాట్లాడతారు.